గళ్ళక్క అక్షరాలు

పొద్దున్నే లేవడం, టీ తాగడం, అక్షరాలతో పోట్లాటకి కూర్చోవడం. ఆ ఏడాదంతా గళ్ళక్కకి ఇదే పని.

ఆవిడ క్రాస్‌స్టిచ్ డిజైన్లు గీస్తుంది. గళ్ళ గుడ్డ మీద ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ కుట్టుకుంటూ పోతే పువ్వో, పిల్లో, పెంకుటిల్లో తయారవుతుంది కదా, ఏ గడిలో ఏ రంగు పడాలో ముందు ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ తేల్చే మనిషి గళ్ళక్క. కంప్యూటర్లో గీసి, తనే ఒకసారి కుట్టి చూసుకుని, గుడ్డా దారాలూ సూదీ కలిపి పెట్టెల్లో అమ్మే ఒక కంపెనీకి పంపిస్తుంది. సాయంత్రాలు తోచనివాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళయిపోయినవాళ్ళు, ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్ళు ఆ పెట్టెలు కొనుక్కుని కుట్టుకుంటారు. ఎప్పుడు చూసినా గళ్ళ ముందు కూర్చుంటుందని వీధిలో ఎవరో గళ్ళక్క అన్నారు. నలభై దగ్గర పడేసరికి అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు.

పువ్వులూ పిల్లులూ గీసుకుంటున్నంత కాలం ఏ గొడవా లేదు. ఆ ఏడాది మొదట్లో కంపెనీ మేడం ఫోన్ చేసింది.

"ఇంగ్లీషు అక్షరాల డిజైన్లు ఎప్పటినుంచో అమ్ముతున్నాం. మన అక్షరాలవి ఎవరూ చెయ్యలేదండీ. అ నుంచి ఱ దాకా మీరు చేసిపెట్టండి."

ఎవరూ ఎందుకు చెయ్యలేదో గళ్ళక్కకి వారం తిరక్కుండానే అర్థమైంది. గడి అన్నాక నాలుగు మూలలుంటాయి. మన అక్షరంలో వెతికినా ఒక్క మూల దొరకదు. 'అ' గీస్తే నలిగిన కాగితప్పొట్లంలా వచ్చింది. 'ఇ' గీస్తే కుక్కర్ మూతలా వచ్చింది. ఒక గడి పెంచితే వంపు ఉబ్బిపోతుంది, తగ్గిస్తే విరిగిపోతుంది. గడిలో ఒక మూలకే కుట్టే పావు కుట్లు వాడితే వంపులు కాస్త తిరుగుతాయి గానీ, మేడం దానికి ఒప్పుకోలేదు.

"పావు కుట్లు పెట్టకండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అవి చూడగానే పెట్టె మూసేసి అటకెక్కిస్తారు. నిండు ఇంటూలే ఉండాలి."

"నిండు ఇంటూలతో 'ణ' ఎలా వస్తుందండీ?"

"అది మీరు చూసుకోవాలి. డిజైనర్ మీరు కదా."

కంపెనీ తరఫున ముందుగా కుట్టి చూసే ఒకావిడ ఉంది, ఆవిడ ఫోన్లు ఇంకా చిరాకు. "మీరు ముందే గీసి పంపిన 'మ' కుట్టానమ్మా. మా ఆయన 'య' అంటున్నాడు. మా అబ్బాయి తాబేలంటున్నాడు. వాడు అక్షరాలు గీసే ఆఫీసులోనే పని చేస్తాడు, తెలీక అన్న మాట కాదు మరి."

ఇదంతా ఉద్యోగపు చిరాకు. ఇంటి చిరాకు వేరే ఉంది.

గళ్ళక్క తండ్రి రైలు స్టేషన్లో ప్రకటనలు చదివేవాడు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరికంతటికీ ఆయన గొంతే చెప్పింది. ఊళ్ళో జనాన్నందర్నీ రైలెక్కించిన మనిషి, కూతుళ్ళని మాత్రం ఊరి పొలిమేర దాటనిచ్చేవాడు కాదు. గళ్ళక్కకి పద్దెనిమిదేళ్ళప్పుడు వేరే ఊళ్ళో బొమ్మల కాలేజీలో సీటొస్తే ఆయన "వద్దు" అన్నాడు. ఎందుకని అడగడం ఆ ఇంట్లో లేదు. చిన్నకూతుర్ని ఇంట్లో చిన్నది అనేవాళ్ళు. గాలీ వానా కొలిచే చదువు చదివింది. దూరంగా ఒక కొండ మీద వాతావరణ కేంద్రం ఉంది, అక్కడికి వెళ్తానని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "వద్దు" అన్నాడు. తల ఊపడాలూ చెయ్యి ఆడించడాలూ ఆయనకి గిట్టవు. "నోటితో చెప్పిందే మాట. చెప్పకపోతే అది మాట కాదు," అనేవాడు. స్టేషన్లో అదే పద్ధతి, ఇంట్లోనూ అదే.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నెలల తరబడి కిటికీ పక్కన కుర్చీలో, నోట్లోంచి గాలి తప్ప ఏదీ రాకుండా కూర్చున్నాడు. గళ్ళక్క 'అ' కుట్టడం పూర్తిచేసి దారం కత్తిరించిన మధ్యాహ్నం, కుర్చీలోంచి "అ" అని వినిపించింది. మర్నాడు 'ఆ' కుట్టింది, "ఆ" అన్నాడు. మాట నేర్పడానికి వారానికోసారి వచ్చే డాక్టరమ్మ గుడ్డ వైపోసారి, ఆయన వైపోసారి చూసి, "అచ్చులు త్వరగా కానివ్వండి. హల్లు ఒక్కటి కుడితే దాని గుణింతం అదే వచ్చేస్తుంది, ఒత్తులకి కంగారు పడకండి," అని చెప్పి వెళ్ళింది.

అచ్చులు అయిన నెలరోజులూ ఆయన ఆ, ఊ, ఏ, ఓ అంటూ గడిపాడు. "పెళ్ళైనప్పటినుంచీ నాతో ఇంతకంటే ఏం మాట్లాడారు గనక," అంది తల్లి గిన్నెలు సర్దుకుంటూ. ఆవిడకి తేడా పెద్దగా తెలీలేదు. అయితే టీ కావాల్సినప్పుడల్లా ఎడమచేత్తో కుర్చీ చేతిని బాదేవాడు, ఆ చప్పుడికి తలనొప్పి వచ్చేది. "ముందు 'ట' కుట్టవే తల్లీ, నోరు తెరిచి అడుగుతారు," అని బతిమాలింది. 'ట' అయింది. తర్వాత 'ర', 'ల' అయ్యాయి. "టీ", "రా", "ఇటు రా", "ఏంటట?" ఇవీ ఆయన మాటలు. మనుషుల్ని పిలవడానికి సరిపోయేవి, పిలిచాక చెప్పడానికి చాలేవి కాదు. పిలిచి, ఎదురుగా నిలబెట్టుకుని, మాట కోసం లోపల వెతుక్కుని, దొరక్క మొహం కందగడ్డ చేసుకునేవాడు.

అక్షరం సరిగ్గా కుదరకపోతే మాటా కుదిరేది కాదు. 'న' మొదటిసారి కుట్టినప్పుడు దాని తోక 'స'లా తిరిగింది. ఆయన "నేను" అనబోయి "సేసు" అన్నాడు. చిన్నది ఫక్కున నవ్వింది. ఆయన ప్లేటు విసిరేశాడు. గళ్ళక్క సూది తీసుకుని 'న' మొత్తం విప్పేసింది. దాంతో ఆ సగం 'న' కూడా పోయింది. అది కుట్టడం విప్పడం కుట్టడం విప్పడంగా మూడు వారాలు నడిచింది. తండ్రికి కూతురి మీద కోపం, కూతురికి మేడం మీద కోపం, మేడం ఏమో ఇంకా ఎన్నాళ్ళండీ అని రోజూ ఫోన్.

"నాన్నా, నేనేం కావాలని చేస్తున్నానా? గడి తిరగదు, ఏం చెయ్యను?" అంది ఒకరోజు గళ్ళక్క.

"ఏంటట?" అన్నాడాయన. ఆయన దగ్గరున్న మాటల్లో తిట్టుకి దగ్గరగా ఉన్నది అదొక్కటే.

ఆ పరిస్థితుల్లో చిన్నదానికి మళ్ళీ పిలుపొచ్చింది. కొండ మీద కేంద్రంలో ఉన్న మనిషి పని మానేశాడు, శుక్రవారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఇది దాటితే ఇంకొకర్ని తీసుకుంటారు, మళ్ళీ ఆ కొండ మీద ఖాళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

చిన్నది వచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడింది. "నాన్నా, వెళ్తాను. ఈసారి కూడా వదిలేస్తే ఇంక నాకు రాదు."

ఆయన నోరు తెరిచాడు. పళ్ళు పెదవి మీద ఆనాయి. ఆ ఇంట్లో ఆ పెదవులు చూస్తే ఏ మాట రాబోతోందో చెప్పక్కర్లేదు, ముగ్గురాడవాళ్ళకీ తెలుసు. గాలి వచ్చింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, మళ్ళీ గాలే. ఎడమచేత్తో గళ్ళక్క ఫ్రేము వైపు చూపించాడు, తర్వాత తన పెదవి చూపించుకున్నాడు. 'వ' కావాలి. 'వ' కుట్టు, తర్వాత 'ద' కుట్టు.

"సరే నాన్నా," అంది గళ్ళక్క.

చిన్నది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గళ్ళక్క వెనకే వెళ్ళి తలుపు తట్టింది. లోపల్నుంచి, "నువ్వు కుట్టుకో అక్కా. నీ పని నువ్వు చెయ్యి," అని వినిపించింది. ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. లేదు.

ఆ వారం గళ్ళక్క 'వ' కోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 'వ'కి ఎడమ పక్కన చిన్న మెలిక ఉంటుంది. మెలిక కనపడాలంటే మధ్యలో ఒక గడి ఖాళీ ఉండాలి. ఖాళీ వదిలితే చుట్టూ ఉన్న కుట్లు గోడ కట్టినట్టు లేచి నిలబడ్డాయి, అక్షరం చెవి వాచిన మనిషిలా కనిపించింది. ఖాళీ మూసేస్తే మెలిక ముద్దయింది. చిన్నగా చేసింది, పెద్దగా చేసింది, కిందికి దించింది. పావు కుట్టు ఒక్కటి, ఒకే ఒక్కటి పెడితే అయిపోతుంది. మేడంకి ఫోన్ చేసి అడిగింది. "మళ్ళీ మొదలెట్టారా," అంది మేడం.

కుడుతున్నంతసేపూ ఆయన కుర్చీ ఇటు తిప్పించుకుని సూది వైపే చూస్తూ కూర్చున్నాడు. కుట్టు పడ్డప్పుడల్లా పెదవి కదిపేవాడు. గళ్ళక్కకి వీపు మీద ఎండ పడ్డట్టుండేది ఆ చూపు. పద్దెనిమిదేళ్ళప్పుడు తనకి పడ్డ ఆ ఒక్క మాటని తన చేత్తో తనే కుడుతోంది, చెల్లెలి కోసం. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా దారం చిక్కుపడేది. చిక్కు తీసుకుని మళ్ళీ కుట్టేది. పని పనే కదా అనుకునేది. ఆయన గొంతుకి తను అడ్డం పడితే ఆయన తనకి చేసినదానికీ దీనికీ తేడా ఏముంది అనుకునేది.

శుక్రవారం మధ్యాహ్నానికి మెలిక తప్ప మిగతా అక్షరమంతా చక్కగా కుదిరింది. మెలిక కుట్టింది, విప్పింది. ఇంకోలా కుట్టింది, విప్పింది. గుడ్డ ఆ చోట నలిగి పీచు లేచింది. గళ్ళక్కకి తల దిమ్మెక్కిపోయింది. "ఇంతకంటే రాదు. నా వల్ల కాదు," అని ముడేసి, కటుక్కున దారం కత్తిరించేసింది. మెలిక పెట్టనే లేదు. పెట్టలేదని కత్తిరించాక చూసుకుంది.

"ప," అన్నాడు తండ్రి.

గళ్ళక్కా, తల్లీ గుడ్డ వైపు చూశారు. మెలిక లేని 'వ'ని ఎటు నుంచి చూసినా 'ప'యే.

ఆయనకి ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. మళ్ళీ పళ్ళు పెదవికి ఆనించాడు. "ప, ప," అని వచ్చింది. ఫ్రేము వైపు చూశాడు, పెద్దకూతురి వైపు చూశాడు. తలుపు తీసుకుని చిన్నది బయటికొచ్చి నిలబడింది, చేతిలో ఫోనుంది. ఆయన మొహం ఎర్రబడింది, మెడ మీద నరం లేచింది. అందరి మీదా, ఆ ఇంటి మీదా, గళ్ళ మీదా, చచ్చుపడ్డ కుడిచెయ్యి మీదా ఉన్న కోపమంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. ఎదురుగా నిలబడ్డ కూతుర్ని కసిరాడు.

"పో!"

నెలల తర్వాత ఆయన పాత గొంతు, స్టేషన్ గొంతు, మొదటిసారి ఆ ఇంట్లో మోగింది. ఎదురింటివాళ్ళకి కూడా వినపడింది.

ముందు కదిలింది తల్లి. ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం కూతుళ్ళెవరూ చూడలేదు. ఆ రోజూ ఎదురు చెప్పలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, మామూలు గొంతుతో, "విన్నావుగా. నాన్న పొమ్మన్నారు. ఫోన్ చేసి చెప్పు, పెట్టె నేను సర్దుతాను," అంది.

"అమ్మా," అంది గళ్ళక్క.

"నోటితో చెప్పారు కదే. ఇంకేం కావాలి," అంది తల్లి, పెట్టె దింపడానికి వెళ్తూ.

చిన్నది ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున మొదటి బస్సుకి వెళ్ళింది. వెళ్ళే ముందు తండ్రి దగ్గరికొచ్చి, "వెళ్ళొస్తాను నాన్నా," అంది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. ఆయన చెయ్యి విడిపించుకోలేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు నోరు కదిలిస్తూ ఉండిపోయాడు.

'ఆపు' అన్న మాట కూడా తన దగ్గర ఉందని ఆయనకి తట్టేసరికి బస్సు వెళ్ళి చాలాసేపైంది. అప్పుడు కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూ, "ఆపు, ఆపు," అన్నాడు. తల్లి టీ తెచ్చి పక్కన పెట్టింది. తాగలేదు.

ఆ తర్వాత ఇల్లు మరీ భరించలేనట్టు తయారైంది. ఆయన ఉన్న నాలుగు మాటలూ మానేశాడు. టీ కావాలంటే మళ్ళీ కుర్చీ చెయ్యి బాదడమే. డాక్టరమ్మ వచ్చి ఎంత అడిగినా పెదవి విప్పలేదు. గళ్ళక్క ఫ్రేము ముందు కూర్చునేది గానీ సూది గుడ్డలో దిగేది కాదు. ఆ మెలిక రాక వదిలేసిందా, రానివ్వకుండా వదిలేసిందా? ఆ మధ్యాహ్నాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా చేతికి విసుగు గుర్తుందే తప్ప, ఉద్దేశం గుర్తుకు రాలేదు. తనని తాను దబాయించి అడిగినా జవాబు రాకపోవడం, అన్నిటికంటే ఎక్కువ చిరాకు పెట్టింది.

పది రోజులు చూసి, ఒక ఉదయం కంపెనీ మేడంకి తనే ఫోన్ చేసింది.

"పావు కుట్లు లేకుండా మన అక్షరాలు రావండీ. పెట్టి చేస్తాను. మీకు పనికొస్తే తీసుకోండి, లేకపోతే మానెయ్యండి."

"అచ్చుల వరకు తీసుకుంటాం. మిగతావి ఇక మేం చూసుకుంటాం," అంది మేడం, పొడిగా.

అంటే ఏడాది పని మూడొంతులు వృథా. అయినా ఫోన్ పెట్టేశాక గళ్ళక్క 'ప' పక్కనే కొత్తగా 'వ' మొదలెట్టింది. ఇక ఎవరి షరతులూ లేవు. పావు కుట్లు పడ్డాయి, మెలిక తిరిగింది, సాయంత్రానికి అక్షరం చేత్తో రాసినట్టు కూర్చుంది. తర్వాత 'ద'. తర్వాత 'న' తోక సరిదిద్దింది. 'క', 'గ', 'చ', 'శ', 'త', 'మ', 'బ', 'స' వరసగా అయ్యాయి. 'వ'ని విప్పాల్సిన పని పడలేదు, 'ప'ని కదపనూ లేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి గుడ్డ మీద.

ఇన్ని అక్షరాలొచ్చినా ఆయన ఇంకో వారం మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం తల్లి బజారుకెళ్ళినప్పుడు అడిగాడు.

"కావాలనే చేశావా?"

గళ్ళక్క సూది గుడ్డకి గుచ్చి పెట్టింది. "తెలీదు నాన్నా. నిజంగా తెలీదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆపు అనాల్సింది," అన్నాడు. "తట్టలేదు."

ఇంకేం అనలేదు. తనని తిడతాడనీ, చిన్నదాన్ని వెనక్కి పిలిపించమంటాడనీ గళ్ళక్క ఎదురుచూసింది. సాయంత్రం కొండ మీంచి చిన్నదాని ఫోనొచ్చింది, రోజూ వచ్చినట్టే. రోజూ తల్లే మాట్లాడేది. ఆ రోజు ఆయన ఎడమచెయ్యి చాపాడు. తల్లి ఒక నిమిషం తటపటాయించి, ఫోన్ చేతిలో పెట్టింది.

"గాలి ఎంత ఉంది?" అన్నాడు.

అటు నుంచి చిన్నది చెప్పడం మొదలెట్టింది. గాలి ఎటు నుంచి వీస్తోందో, మబ్బు ఎంత ఎత్తులో ఉందో, రాత్రికి ఊరివైపు వాన వస్తుందో రాదో. ఆయన విన్నదాన్ని విన్నట్టు, ఒక్కో మాటా విడదీసి, స్టేషన్ గొంతుతో గదిలోకి తిరిగి చెప్పాడు. కిటికీ తెరిచే ఉంది. ఎదురింటావిడ ఆరేసిన బట్టలన్నీ గబగబా తీసేసింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే వరస. వీధిలోవాళ్ళు గొడుగు సంగతి తేల్చుకోవడానికి ఆ కిటికీ కింద కాసేపు నిలబడటం అలవాటైంది.

ముందుగా కుట్టి చూసే ఆవిడ మాత్రం కంపెనీతో సంబంధం లేకుండా ఆ హల్లులన్నీ అడిగి తెప్పించుకుని కుడుతూనే ఉంది. ఒకరోజు ఫోన్ చేసి, "మా వాడు మీ 'వ' చూశాడమ్మా. ఈసారి తాబేలనలేదు. వాళ్ళ ఆఫీసులో అక్షరాలు గీసే మనిషి కావాలట, కంప్యూటర్లలో వాడతారే, అవి. గళ్ళూ గిళ్ళూ ఏం ఉండవు. వస్తారేమో కనుక్కోమన్నాడు. వాళ్ళ ఊరికి రావాలి మరి," అంది.

"ఇప్పుడు నాకెక్కడ కుదురుతుందండీ," అని గళ్ళక్క పెట్టేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పని ముందుకి కదల్లేదు. 'ళ' మొదలెట్టింది, విప్పింది. 'ళ' కుదరకపోతే చిరాకు పడాలి, తను పడుతున్నది ఆ చిరాకు కాదని తనకే తెలుస్తోంది. అడిగితే వెళ్ళనిచ్చేవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు అడగకుండానే తనే కాదనేసింది.

ఆయన కుర్చీలోంచి చూస్తున్నాడు. ఫోన్లో అవతలావిడ అన్నది ఆ చిన్న గదిలో అందరికీ వినపడే ఉంటుంది.

"నువ్వెప్పుడు పోతావు?" అన్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఆ రమ్మన్న ఊరికి."

గళ్ళక్క తల వంచుకుని ఫ్రేము వైపు చూసింది. "మీకింకా 'ళ' రాలేదు. 'క్ష' ఉంది, 'ఱ' ఉంది. ఇవి వదిలేసి ఎలా పోను?"

"అవి లేకపోయినా నాకు పరవాలేదు," అన్నాడాయన.

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. "ఇంకా ఫోన్ పెట్టేసి ఎంతోసేపు కాలేదు. తిరిగి చెయ్యి," అని తల్లి గొంతు వినపడింది.

గళ్ళక్క సగం కుట్టిన 'ళ'లోంచి సూది లాగేసి, దారం చుట్టి, ఫోన్ తీసుకుంది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి కలిసింది.

గళ్ళక్క ఆ ఊరు వెళ్ళి చాలాకాలమైంది. ఆ గుడ్డ ఇంట్లోనే ఉంది, 'ళ' సగంలోనే ఉంది. ఇప్పటికీ దాహమేస్తే ఆయన "నీలు" అంటాడు. తల్లి గ్లాసు నింపి తెచ్చి చేతిలో పెడుతుంది.